దసరా తర్వాత చేసిన పిన్నులు

ఒక్క పిన్ను చేయించడానికి ఎంతవుతుంది సార్ అని కొత్తగా చేరిన ఇంజనీరు పిల్లలు అడిగితే నేను సూటిగా జవాబు చెప్పేవాణ్ని కాదు. "ఎన్ని కావాలి?" అని ఎదురడిగేవాణ్ని. వాళ్లకు చిరాకు వచ్చేది. ధర అడిగితే ధర చెప్పక ఈ ముసలాయన పరీక్ష పెడుతున్నాడేమిటని మొహాలు చూసుకునేవారు. చూసుకోనీ. గోదావరిఖని బొగ్గు బాయిలకు, అంటే గనులకు, సామాను చేసిపెట్టే వర్క్‌షాపులో, ఎస్టిమేట్ల కుర్చీలో నా ఉద్యోగమంతా గడిచింది. ఎన్ని అని అడగకుండా ధర చెప్పడం నాకు చేతకాదు.

ఎందుకో మా ఆవిడకు గారెలతో చెప్పాను, మీకూ అలాగే చెబుతాను. మూకుడు పొయ్యి మీద పెట్టి నూనె కాచాలి. ఒక్క గారె వేసుకున్నా అంతే నూనె, అంతే గ్యాసు, అంతే ఎదురుచూపు. చుట్టాలొచ్చి వంద గారెలు వేస్తే ఆ ఖర్చు వందకూ పంచుకుపోతుంది. ఉక్కు కడ్డీని తిప్పుతూ చెక్కే లేతు మిషను కూడా అంతే. డ్రాయింగు చదవాలి, ఉక్కు కడ్డీ కోయించాలి, మిషను మీద పనిముట్టు బిగించి కొలతకు తేవాలి, ఒకటో రెండో పీసులు పాడు చేసుకోవాలి, ఇన్‌స్పెక్టరును బతిమాలి పిలిపించి మొదటి పీసు పాస్ చేయించుకోవాలి. ఇదంతా కలిపి మేం సెట్టింగు అనేవాళ్లం. సెట్టింగుకే ఒక పూట గడిచిపోయేది. ఆ తర్వాత నాలుగు పిన్నులు చేసి ఆపేస్తే ఆ పూట కూలి నాలుగింటి నెత్తిన పడుతుంది. వందల్లో చేస్తే ఎవరి నెత్తినా పడదు. అలాగని మరీ ఎక్కువ చేస్తే స్టోర్లో తుప్పు పట్టి మూలుగుతాయి. ఈ రెండు సంగతులూ ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. మూడో సంగతి ఒకటుంది. అది నాకు పుస్తకంలో దొరకలేదు. 

అప్పట్లో మా వర్క్‌షాపు మీద కత్తి వేలాడుతోంది. మంచిర్యాల వైపు ప్రైవేటు షెడ్లవాళ్లు మా పిన్ను ధరలో సగానికే చేసిస్తామని కొటేషన్లు ఇస్తున్నారు. పైవాళ్ల మీటింగులో ప్రతిసారీ అదే మాట: మీ దగ్గర ఎందుకంత అవుతోంది? లేతు సెక్షను మూసేస్తారని, టర్నర్లందరినీ బాయిలోకి జనరల్ మజ్దూర్లుగా పంపిస్తారని పుకారు. చేతిలో విద్య ఉన్నవాణ్ని తీసుకెళ్లి తట్ట మోయమంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఆ భయంలోంచే నాకు ఆలోచన వచ్చింది. ఒక్కో బాయి తనకు కావాల్సిన కప్లింగు పిన్నులు నాలుగో ఐదో విడిగా అడుగుతుంది. మేం ప్రతిసారీ కొత్తగా సెట్టింగు పెడతాం. అలా కాకుండా మందమర్రి నుంచి కొత్తగూడెం దాకా అన్ని బాయిల అవసరమూ కలిపి ఏడాదికి ఒక్కసారే చేస్తే? లెక్క వేసి చూస్తే ధర బ్రహ్మాండంగా దిగింది. అంతటితో ఆగానా? ఆగలేదు. మ్యాన్ రైడింగు బండికి రెండు రకాల పిన్నులుంటాయి.

మ్యాన్ రైడింగు అంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. బాయిలోకి దిగే దారి ఏటవాలుగా, పొడుగ్గా ఉంటుంది. పాత రోజుల్లో మనుషులు నడిచి దిగి, షిఫ్టంతా పనిచేసి, మళ్లీ నడిచి ఎక్కేవాళ్లు. తర్వాత పట్టాల మీద బండి వచ్చింది. పైనున్న మోటారు ఇనుప తాడుతో ఆ బండిని దింపుతుంది, లాగుతుంది. తాడును బండికి కలిపేది ఒక పిన్ను, అదే మెయిన్ పిన్ను. అది విరిగితే బండి జారిపోకుండా పక్కన ఒక గొలుసు ఉంటుంది. ఆ గొలుసును పట్టుకునేది ఇంకో పిన్ను. ఈ రెండింటికీ డ్రాయింగులు వేరు, మందం వేరు. నేను డిజైను వాళ్ల వెంటపడి రెండింటినీ ఒకటే చేయించాను. గొలుసు పిన్నును కూడా మెయిన్ పిన్నంత మందంగా చేస్తే నష్టమేముంది, ఇంకా బలమే కదా, సంఖ్య రెట్టింపవుతుంది కదా అన్నాను. అందరూ ఒప్పుకున్నారు. మీటింగులో చప్పట్లు కూడా కొట్టారు. ప్రైవేటు షెడ్ల కొటేషను కన్నా మా ధర కిందికి వచ్చింది. లేతు సెక్షను బతికింది. ఆ రోజు సెక్షనంతా మిర్చిబజ్జీలు, చాయ్. నన్ను భుజాల మీద ఎత్తుకోవడం ఒక్కటే తక్కువ.

పిన్నులు చేసింది మా సీనియర్ టర్నరు. సెక్షనులో అందరం ఆయన్ని కాకా అని పిలిచేవాళ్లం. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. మాట కరుకు, చెయ్యి మెత్తన. సెట్టింగు పెట్టాక మిషను పక్కకు ఇంకెవరినీ రానివ్వడు. "ముట్టిండ్రంటే వేళ్లు ఇరుగుతయ్" అని బెదిరించేవాడు.

ఆ పిన్నులో ఒకే ఒక్క కిటుకు ఉంది. తల ఉన్న పిన్ను అది. తలా మొండెమూ కలిసేచోట మూల పదునుగా ఉండకూడదు, గుండ్రంగా దిగాలి. మూల పదునుగా ఉంటే బరువు పడ్డప్పుడల్లా ఉక్కు అక్కడే చీలుతుంది. మొదట్లో వెంట్రుకంత. రోజూ లాగుతుంటే లోపలికి పాకుతుంది. చివరికి ఒకనాడు ఏ సూచనా లేకుండా పుటుక్కున తెగుతుంది. అందుకని ముక్కు గుండ్రంగా సాన పట్టిన పనిముట్టు బిగించి కోస్తారు.

ఆర్డరు సగంలో ఉండగా దసరా వచ్చింది. మా బొగ్గు బెల్టులో దసరా అంటే ఎట్లా ఉంటుందో ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పాల్సిన పనిలేదు. లాభాల వాటా చేతికొచ్చి ఉంటుంది, మేకలు బేరమాడుతుంటారు, కాలనీ అంతా మసాలా వాసన. వర్క్‌షాపులో ఆయుధపూజ. మిషన్లన్నీ కిరోసిన్‌తో కడిగి, బంతిపూల దండలు వేసి, పనిముట్లన్నీ విప్పి పళ్లెంలో పేర్చి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టాం. కాక తన మిషను తానే కడిగాడు. పనిముట్లకు పసుపు కాస్త మందంగానే పూశాడు. భక్తి మరి.

జమ్మి ఆకు ఇచ్చుకోవడాలు, అలయ్ బలయ్ కౌగిలింతలు అయిపోయాక మళ్లీ మిషన్లు తిరిగాయి. పళ్లెంలోంచి పనిముట్టు తీసి బిగించారు. పిన్ను మందం గేజితో చూశారు, సరిగ్గా ఉంది. ఆర్డరు అదే, డ్రాయింగు అదే, మొదటి పీసు ఎప్పుడో పాసైంది. ఇది కొత్త సెట్టింగు అనీ, మళ్లీ మొదటి పీసు చూపించాలనీ కాకకూ తోచలేదు, ఇన్‌స్పెక్టరుకూ తోచలేదు, నాకూ తోచలేదు. మామూలుగా సెట్టింగు చెడగొట్టేది మనిషి. ఈసారి చెడగొట్టింది పూజ. దేవుడి దగ్గరికి వెళ్లొచ్చిన వస్తువును ఎవరు అనుమానిస్తారు చెప్పండి!

అంతా అయ్యాక పిన్నులన్నీ కలిపి కొలిమిలో గట్టిపరిచారు. నల్లగా నిగనిగలాడుతూ బయటికొచ్చాయి. పెట్టెలకెత్తి అన్ని బాయిలకూ పంచాం.

చలి మొదలైంది. ఒక పొద్దున గోదావరి అవతలి నుంచి జీపులో ఒక మనిషి గోనెసంచి పట్టుకొని దిగాడు. లోపల రెండు ముక్కలైన పిన్ను. ఖాళీ బండిని ట్రయల్‌కు లాగుతుంటే తెగిందట. బండిలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయిందట. గొలుసు పిన్ను తెగకుండా ఆపిందట. ఆ మనిషి చాయ్ తాగుతూ మామూలుగానే చెబుతున్నాడు. నేను కాకను పిలిచాను.

కాక ముక్క చేతిలోకి తీసుకున్నాడు. తెగింది సరిగ్గా తల కింద. బొటనవేలు ఆ మూల వెంట తిప్పాడు. మళ్లీ తిప్పాడు. స్టోరులో మిగిలిన పెట్టె దగ్గరికి వెళ్లి ఒక్కో పిన్నూ తీసి గోటితో గీకి చూడటం మొదలుపెట్టాడు. కొన్ని ఎడమ పక్కన పెడుతున్నాడు, కొన్ని కుడి పక్కన. కుడి పక్క కుప్ప పెరుగుతోంది.  

"కాకా, ఏందో చెప్పు" అన్నాను.

"పసుపు బిడ్డా" అన్నాడు. "పళ్లెంల రెండు పనిముట్లుండె. ఒకటి గుండ్రం ముక్కుది, ఒకటి మామూలు మొన ముక్కుది. రెండిటికీ మందంగ పూసిన. ఏది ఏదో కనిపియ్యలే. మామూలుదే బిగిచ్చిన. దసరా ఎనుక చేసినయ్ అన్నీ గిట్లనే ఉన్నయ్."

అన్నీ అంటే ఎన్ని అని లెక్క వేయడం నా వృత్తి. ఆ క్షణంలో ఆ లెక్క వేయలేకపోయాను. పాత పద్ధతిలో అయితే ఈ తప్పు ఒక బాయికి వెళ్లే నాలుగు పిన్నుల్లో జరిగేది. నేను అన్ని బాయిలనూ కలిపాను. మెయిన్ పిన్నునూ గొలుసు పిన్నునూ కలిపాను. ఒక సెట్టింగు ఖర్చును ఎలా పంచానో ఒక తప్పును కూడా అలాగే అందరికీ పంచిపెట్టాను. నేను పైన చెప్పిన మూడో సంగతి ఇదే. మెయిన్ పిన్ను తెగితే కాపాడాల్సిన గొలుసు పిన్ను కూడా దాని కవలే. ఈ ముక్క తట్టగానే ఇంజనీరు సారు దగ్గరికి పరుగెత్తాను. 

మా ఇంజనీరు సారు గోదావరి జిల్లాల మనిషి. నెమ్మదస్తుడు, ఎవరినీ ఏకవచనంతో పిలిచి ఎరగడు. చెప్పగానే ఆయన మొహం పాలిపోయింది. "అన్ని బాయిల్లో మ్యాన్ రైడింగ్ ఆపించాలంటే జీఎంగారు చెప్పాలండీ. నా నోటి మాటకి ఎవరూ ఆపరు. ఉండండి, లైను కలుపుతాను" అని తన గదిలోకి వెళ్లాడు. జీఎంగారు మీటింగులో ఉన్నారు. సారు ఫోను చెవికి పెట్టుకొని నిలబడ్డాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. ఉత్పత్తి ఆగితే ఏమవుతుందో, తర్వాత పిన్నులు బాగానే ఉన్నాయని తేలితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. అందరికీ ఎవరి భయం వాళ్లకుంది.

నా భయానికి మాత్రం ఒక మొహం ఉంది. నా తమ్ముడు. సొంత తమ్ముడు. మా నాయన బాయిలో పనిచేసి రిటైరైతే ఆ ఉద్యోగం వాడికొచ్చింది. ఆ రోజు వాడిది మొదటి షిఫ్టు. వర్క్‌షాపుకు దగ్గర్లోని బాయి. ఆ బాయికి మా పిన్నులు వెళ్లాయని నాకు బాగా తెలుసు. నేనే పంపించాను.

ఇక నేను చేసిన పని వినండి. బుద్ధి ఉన్నవాడు ఎవడూ చేయడు. వరండాలోని కంపెనీ ఫోను ఎత్తి ఆ బాయి మీది ఆఫీసుకు కొట్టాను. అక్కడ హాజరు వేసే మస్టర్ గుమాస్తా నాకు తెలిసినవాడే. పిన్నుల సంగతి చెప్పడానికి అధికారం లేదు, చెప్పకుండా ఉండటానికి ప్రాణం ఒప్పదు. నోటికి ఏదొస్తే అది అనేశాను.

"మా తమ్మునికి జర కబురు పంపు. మరదలికి పానం బాగలేదు, దవాఖానల చేర్పించిండ్రు. జల్ది పైకి రమ్మను."

"అయ్యో, గట్లనా అన్నా! ఇప్పుడే కిందికి ఫోన్ కొడ్త. నువ్వు ఫికర్ చెయ్యకు" అని పెట్టేశాడు.

హమ్మయ్య అనుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నిజంగానే హమ్మయ్య అనుకున్నాను.  వెనక్కి తిరిగితే కాక నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

"పైకి ఎట్ల వస్తడు బిడ్డా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"నడిచి వస్తడా? పెండ్లానికి బాగలేదంటే నడుస్తడా వాడు? బండి ఎక్కుతడు."

   తమ్ముణ్ని కాపాడుకుందామని వాణ్ని నేనే తీసుకెళ్లి ఆ బండిలో కూర్చోబెట్టాను. మళ్లీ బాయి ఆఫీసుకు కొట్టాను. ఎంగేజు. మళ్లీ కొట్టాను. ఎంగేజు. ఆ గుమాస్తా నా మంచి కోసమే కింద ఎవరితోనో మాట్లాడుతున్నాడు, తొందరపెడుతున్నాడు. వాడి మంచితనాన్ని ఎంత తిట్టుకున్నానో దేవుడికే తెలుసు.

మోటారు గదికి ఒక ఫోను ఉంటుందని కాకకు గుర్తొచ్చింది. గోడ మీద నంబర్లు చూసి తిప్పాను. వేళ్లు తప్పుతున్నాయి. చివరికి అవతల ఎవరో ఎత్తారు. మనిషి గొంతు కన్నా ముందు మోటారు గుర్రుమనడం వినిపించింది. బండి నడుస్తోంది.

"బండి ఆపు!" అని అరిచాను.

"ఎవరే నువ్వు? మనుషులున్నరు బండిల" అన్నాడు ఆపరేటరు.

"వర్క్‌షాపు నుంచి మాట్లాడుతున్న. పిన్నులు ఖరాబున్నయ్. తెగుతయ్. ఆపు!"

 ఆ మనిషి గొంతు మారింది. "అన్నా, బండి ఎత్తు మీదున్నది. ఉన్నపళంగ ఆపితే ఝట్కా పడతది. పిన్ను ఖరాబున్నదంటివి. ఆపాల్నా, రానియ్యాల్నా? జల్ది చెప్పు!"

నాకు తెలియదు. ఆపితే ఆ కుదుపుకే తెగొచ్చు. ఆపకపోతే పైకి వచ్చేలోపు తెగొచ్చు. పిన్ను ధర ఎంతో నిద్రలో లేపి అడిగినా చెప్పగల నేను, ఆ ఒక్క మాటకు నోరు తెరిచి గుడ్లప్పగించాను. కాక నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు.

"తమ్మీ, నడుమల ఎక్కడన్న లెవెల్ ఉన్నదా?"

ఉంది, పాత సైడింగు దగ్గర కొంచెం సమంగా ఉంటుంది, ఇంకా కొంత దూరం రావాలి అన్నాడట అతను.

"అయితే గట్టిగ విను. బ్రేకు ముట్టకు. స్పీడు మెల్లమెల్లగ దించుకుంట రా. అల్లాడకుంట రావాలె. లెవెల్ మీదికి వచ్చినంక ఆపు. ఫోన్ పెట్టకు, పక్కన పెట్టు."

ఇద్దరం ఒకే ఫోనుకు చెవులు ఆనించి నిలబడ్డాం. మోటారు చప్పుడు వింటున్నాం. అది కొద్దికొద్దిగా తగ్గుతోంది. బండికి చేతి బ్రేకు ఉంటుందని, గార్డు ఉంటాడని, ఇంకో జాగ్రత్త ఏదో ఉంటుందని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? లోపల తమ్ముడు కూర్చున్నాక అవేవీ గుర్తుకు రావు. చప్పుడు మధ్యలో ఒకసారి ఎగిసింది. నేను కళ్లు మూసుకున్నాను. కాక నా భుజం పట్టుకొని గట్టిగా నొక్కాడు. ఆయన చొక్కా చెమటకు తడిసిపోయి ఉంది. చలికాలం పొద్దున.

చప్పుడు ఆగిపోయింది. ఆగడం మంచికా చెడుకా తెలియని ఆ నిమిషం నా ఏ శత్రువుకూ వద్దు.

"ఆగింది" అన్నాడు ఆపరేటరు. "ఇప్పుడేం చెయ్యమంటవ్?"

"అందర్నీ దిగి నడువుమను" అని కాక ఫోను పెట్టేసి అక్కడే నేల మీద కూలబడ్డాడు.

సారు గదిలోంచి బయటికొచ్చాడు. "ఎవరు ఆపమన్నారండీ బండి? బాయి మేనేజరుగారు నాకు ఫోన్ చేసి అరుస్తున్నారు." నేనే ఆపమన్నానని చెప్పాను. ఆయన నా మొహం చూశాడు, నేల మీద కాకను చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అడిగితే నేను చెప్పానని చెప్పండి" అన్నాడు. అని మళ్లీ గదిలోకి వెళ్లి, జీఎంగారి కోసం చూడకుండా, ఒక్కో బాయికీ తానే ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. నెమ్మదస్తుడని చెప్పాను కదా, ఆ రోజు ఆయన గొంతు వర్క్‌షాపంతా వినిపించింది. ఎవరో ఉద్యోగం పోతుందని బెదిరించినట్టున్నారు. "పోనివ్వండి! ముందు బండి ఆపండి!" అని అరిచాడు. మధ్యాహ్నానికి బెల్టు మొత్తం మనుషులు నడిచి దిగుతున్నారు, నడిచి ఎక్కుతున్నారు.

సారు మొదటి ఫోన్లు చేస్తుండగానే నాకు గుర్తొచ్చింది. బండి ఆపాం సరే, దవాఖాన అబద్ధం అని తమ్ముడికి ఎవరూ చెప్పలేదు!

నా స్కూటరు మీద పరుగెత్తాను. ఏరియా దవాఖాన మెట్ల దగ్గరే గొడవ వినిపిస్తోంది. ఒళ్లంతా బొగ్గు, నెత్తిన టోపీ, కాళ్లకు గని బూట్లు, నా తమ్ముడు ఆడవాళ్ల వార్డు ముందు సిస్టరుతో కొట్లాడుతున్నాడు. "నా పెండ్లాం ఏ మంచం మీదున్నదో చెప్పుమంటే చెప్పవేందమ్మా!" అంటున్నాడు. ఏడుస్తున్నాడు కూడా. బొగ్గు మొహం మీద కన్నీళ్ల చారలు. ఆ పేరుతో ఎవరూ చేరలేదని ఆమె చెబితే, చచ్చిపోయింది కాబట్టి దాస్తున్నారని వాడు అనుకుంటున్నాడు. ఆ బాయి ఏటవాలు మీద మిగిలిన దూరమంతా వాడు పరుగెత్తి వచ్చాడట. వాడి రొప్పు ఇంకా తగ్గలేదు.

బయటికి లాక్కొచ్చి మెట్ల మీద కూర్చోబెట్టాను. ఏమీ కాలేదు, ఇంట్లో నిమ్మళంగా ఉంది అన్నాను. నా వైపు వెర్రిగా చూశాడు. పిన్నుల సంగతి చెప్పాను. తిడతాడని, ఒకటి కొడతాడేమోనని కూడా అనుకున్నాను. కొడితే బాగుండేది. వాడు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆ బండి షిఫ్టు అయిందాక కిందనే కట్టేసి ఉంటుండె అన్నా" అన్నాడు. "నువ్వు పిలిచినవని నా కోసం ఎల్లదీసిండ్రు. ఎట్లాగూ పోతాందని ఇంకో ఐదుగురు ఎక్కిండ్రు."

నేను వాణ్ని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లి మొహం కడుక్కోమన్నాను. 

సాయంత్రానికి బాయిల నుంచి విప్పిన పిన్నులు వర్క్‌షాపుకు చేరాయి. తమ్ముడు కూడా వస్తానంటే తీసుకెళ్లాను. ముందు వాడు ఎక్కిన బండి పిన్నులే తీయించాను. పగుళ్లు చూసే పద్ధతి ఒకటుంది. పిన్నుకు ఎర్ర మందు పూసి తుడిచేసి, మీద తెల్లపొడి చల్లుతారు. పగులు ఉంటే లోపల దాక్కున్న ఎరుపు తెల్లటి పొడి మీదికి గీతలా ఉబికి వస్తుంది. కాకే పూశాడు, కాకే తుడిచాడు, కాకే చల్లాడు. మెయిన్ పిన్ను తల కింద ఎర్ర గీత లేచింది. అటు నుంచి ఇటు, సగానికి పైగా చుట్టూ తిరిగింది. గొలుసు పిన్నుకు కూడా చల్లాడు. దానికీ లేచింది. అంత పొడుగు కాదు. ఉంది మాత్రం.

సారు కుర్చీలో కూర్చుండిపోయాడు. కాక తెల్లపొడి చేతులతోనే మొహం కప్పుకున్నాడు. "ఆరుగురు" అని ఒక్క మాట అన్నాడు, అంతే.

ఆ తర్వాత ఏం చేశామో కూడా చెప్పాలి, లేకపోతే ఇది ఉత్త భయం కథే అవుతుంది. కలిపి చేయడం మానలేదు. మానితే వర్క్‌షాపు మూతపడేది. కానీ పూజ అయినా, సెలవు అయినా, పనిముట్టు ఒక్కసారి విప్పితే మళ్లీ మొదటి పీసు చూపించి తీరాలన్నాం. మెయిన్ పిన్నుకూ గొలుసు పిన్నుకూ డ్రాయింగులు మళ్లీ వేరు చేశాం. ఒకే రోజు, ఒకే మిషను మీద ఆ రెండూ చేయకూడదన్నాం. ధర పెరిగింది. ఎందుకు పెరిగిందని మీటింగులో అడిగారు. సారు లేచి నిలబడి ఆ రెండు పిన్నులను బల్ల మీద పెట్టాడు. మళ్లీ ఎవరూ అడగలేదు. కాక మాత్రం రిటైరయ్యేదాకా పనిముట్లకు పసుపు పూయలేదు. దూరం నుంచే దండం పెట్టుకునేవాడు. "అమ్మా, గుస్స కాకు" అనేవాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు తమ్ముడు నా స్కూటరు వెనకాల కూర్చున్నాడు. వాళ్ల క్వార్టరు సందు రాగానే ఆపమన్నాడు. దిగలేదు.

"అన్నా, ఆమెకు పిన్నుల ముచ్చట చెప్పకు. నువ్వేదో పరేషాన్ల తప్పు కబురు చెప్పినవని చెప్త. రేపు మళ్ల మొదటి షిఫ్టు. నాకు టిఫిన్ కట్టి పంపాలె గద ఆమె."

సరే అన్నాను. బండ్లు ఆపి పిన్నులు చెక్ చేశారని కాలనీ అంతకూ తెలిసింది. పగిలినవి ఎవరి బండివో వర్క్‌షాపు గోడలు దాటలేదు. మా మరదలు దృష్టిలో నేను ఎవరి పేరో విని ఎవరికో కబురు చేసిన తిక్కమనిషిని. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, పదిమంది ఉన్నచోట "మా బావ ఉన్నడు సూడు, నేను పప్పు రుబ్బుతుంటే నన్ను దవాఖానల చేర్పించిండు" అని మొదలుపెట్టేది. అందరూ పకపకా నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని. తమ్ముడు నవ్వేవాడు కాదు, లేచి బయటికి వెళ్లేవాడు.

పోయిన నెల వాడి చివరి షిఫ్టు అయిపోయింది. బాయి మీద దండలు వేసి, డప్పులు కొట్టి, ఇంటిదాకా ఊరేగించి తీసుకొచ్చారు. అన్నాలప్పుడు ఆమె మళ్లీ అదే ముచ్చట ఎత్తింది, మళ్లీ అందరూ నవ్వారు. చేతులు కడుక్కునే దగ్గర వాణ్ని పట్టుకొని, ఇంకేం, ఇప్పుడన్నా ఆమెకు అసలు సంగతి చెప్పొచ్చు కదరా అన్నాను.

వాడు నీళ్ల కింద చేతులు రుద్దుకున్నాడు. "నువ్వే చెప్పు అన్నా" అన్నాడు. "నాతోని కాదు."